ఖాళీ మిక్సీ

బిల్కీస్ మూత తీసి చూసింది. జారు ఖాళీ.

ధనియాల్లేవు, ఎండుమిరపకాయల్లేవు, అడుగున తడి చుక్కైనా లేదు. ఆవిడ జారు లోపలి అంచు వెంట వేలు తిప్పి, ఆ పొడి వేలిని తెచ్చి కోడలి ముక్కుకు ఎదురుగా పట్టింది.

"మిక్సీల ఏం పడ్తున్నవ్ దుల్హన్? గాలి పడ్తున్నవా?"

లుబ్నా చేతులు వెనక్కి దాచుకుంది. స్విచ్చి వేసిన చేతులవి.

"ధనియాలేద్దామనుకున్న అమ్మీ. మర్చిపోయిన."

"పావుగంట నుంచి మర్చిపోయినవా? నేను చాటెడు బియ్యం ఏరుడు అయిపోయింది. నీ మిక్సీ తిరుగుతనే ఉన్నది. లోపల పిల్లగాడు రాత్రంత ఆ విమానాల నడుమ నిలబడి ఒచ్చి ఇప్పుడే పండుకున్నడు. పొయి ఆని చెవులనే పెట్టరాదు నీ మిక్సీని!"

చెవులు అన్న మాట పడగానే లుబ్నా తలదించుకుంది. చెప్పాల్సిన సంగతి నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఆగింది. ఒట్టు వేసింది కదా. పెళ్లయిన పదమూడో రోజున, ఇస్హాక్ ఆమె అరచెయ్యి తీసి తన కుడి చెవికి ఆనించుకుని, "ఇండ్ల ఎవ్వరికీ తెల్వొద్దు. అమ్మీకి అసలే తెల్వొద్దు," అన్నాడు. ఇప్పటికి నాలుగు నెలలు.

బిల్కీస్ ప్లగ్గు పీకింది. తీగను మోచేతికి చుట్టుకుని, మిక్సీని చంకన పెట్టుకుని తన గదిలోకి నడిచి, మంచం కిందికి తోసేసింది. నారింజ రంగు మిక్సీ అది. కొత్వాల్‌గూడ నుంచి లుబ్నాతో పాటు వచ్చింది. మూడు జార్లు, మీద ఇంకా పీకని స్టిక్కరు. పొద్దున్నే వంటింట్లోకి అడుగుపెట్టగానే ఆ రంగు చూస్తే చాలు, లుబ్నాకు ఊరికే నవ్వొచ్చేది. ఇప్పుడు ఆ బల్ల మీద నాలుగు రబ్బరు కాళ్ల గుర్తులు మిగిలాయి.

గది తలుపు తెరుచుకుంది. ఇస్హాక్ గడప దగ్గర నిలబడ్డాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"లేపినవ్ చూడు!" అంది బిల్కీస్.

లుబ్నా మొగుడి వంక చూసింది. చెప్పు. ఒక్క మాట చెప్పు. నిన్ను లేపలేదు, నువ్వు నిద్రపోవాలనే వేశానని చెప్పు.

ఇస్హాక్ చూపు తల్లి మీదికి పోయింది. అక్కడి నుంచి నేల మీదికి.

"లుబ్నా, ఇంకోసారి గిట్ల చెయ్యకు," అని తలుపు వేసుకున్నాడు.

*

ఆ ఇంట్లో నిశ్శబ్దం బిల్కీస్ చేతిపని. పిండివంటలు చేసినంత ఓపిగ్గా చేసింది. కొడుక్కు రాత్రి డ్యూటీ పడినప్పటి నుంచి పగలు కుక్కరు పెట్టదు, విజిలేస్తుందని. అన్నం గిన్నెలో వార్చాల్సిందే. కొళాయి కింద పాత బనీను పరిచింది, చుక్క పడినా టప్‌మనకుండా. గోడ గడియారంలో సెల్లు తీసేసింది. అది మూడేళ్లుగా పదీ పది దగ్గరే ఉంది. కూరగాయల శివయ్య ఈ గల్లీ మలుపు తిరగ్గానే నోరు మూసుకుంటాడు, ఈ ఇల్లు దాటాక మళ్లీ "టమాటా" అంటాడు. చలికాలమని ఫ్యాను కూడా బంద్. ఫోనులో వాన చప్పుడు పెట్టుకుని పడుకుందామని ఇస్హాక్ ఇయర్‌ఫోన్లు తెచ్చుకుంటే, "చెవులు ఖరాబైతయి బేటా," అని అవి కూడా తీసి దాచింది.

కొడుకు మీద ప్రేమతో ఇంత చేసింది. ఆ ప్రేమే గొంతుకు బిగుసుకుంటోందని ఆవిడకు ఎవరు చెప్పాలి?

ఇస్హాక్ చెవిలో మోత. మూడేళ్ల నుంచి. బయట చప్పుడు ఎంత తగ్గితే లోపలిది అంత పెరుగుతుంది. "కుక్కరు విజిలేసే ముందు సన్నగ కూస్తది చూడు, అది," అని చెప్పాడు ఒకసారి. "కూస్తనే ఉంటది. విజిల్ మాత్రం రాదు. వస్తే ఆగుతది గదా. రాదు."

ఆ మాట విన్నప్పటి నుంచి, ఎక్కడ కుక్కరు కూత విన్నా లుబ్నా విజిల్ వచ్చేదాకా కదలకుండా నిలబడిపోతుంది.

*

మొగుడూ పెళ్లాలు జగడమాడుకోవాలంటే ఆ ఇంట్లో ఒకటే చోటు, పెరట్లో బట్టలారేసే తీగ కింద. ఒకటే సమయం, విమానం నెత్తి మీదుగా పోయేంతసేపు. దిగే విమానం ఇంటి మీదికి వచ్చేసరికి ఎంత కిందికి ఉంటుందంటే, లుబ్నా దాని చక్రాలు లెక్కపెట్టేది. ఆ మోతలో గొంతెత్తి ఏమన్నా లోపల బిల్కీస్‌కు వినపడదు. విమానం దాటిపోగానే ఇద్దరూ నోళ్లు మూసుకుని, బట్టలు దులుపుతూ, తర్వాతి విమానం కోసం చూడాలి.

మామూలు రోజుల్లో ఈ ఏర్పాటు లుబ్నాకు మహా సరదా. అలకలో సగం నవ్వులోకి జారిపోయేది. ఇవాళ జారలేదు.

మొదటి విమానం వచ్చింది.

"మీ అమ్మీ ముంగట నన్ను దొంగను చేసినవ్! చెయ్యకు అంటవా? చెయ్యమన్నదెవరు? 'ఏదన్న ఒక చప్పుడు చెయ్యి లుబ్నా, నా తల పగిలిపోతున్నది' అన్నదెవరు?"

ఇస్హాక్ ఏదో అనబోయాడు. విమానం దాటింది. అతను తడి లుంగీ తీసి, చివర్లు సరిగ్గా కలిపి తీగ మీద వేశాడు. ఆమె క్లిప్పు పెట్టింది. ఒక పిచ్చుక గోడ మీద వాలి, ఇద్దర్నీ చూసి పోయింది.

రెండో విమానం.

"ఎల్లుండి గురువారం కంపెనీల చెవుల పరీక్ష! అది దాటనియ్యి! అమ్మీకి చెప్తే ఆ నోటి నుంచి నాగమణమ్మకు, ఆమె నోటి నుంచి సార్‌కు. ఇగ ర్యాంపు మీద, ఆ విమానాలు ఆగే తాన, నేను ఉంటనా?"

"దాటి ఏం చేస్తవ్? మళ్ల సంవత్సరం మళ్ల అద్దంల చూస్తవా?"

విమానం దాటిపోయింది. ఆఖరి మాట కాస్త గట్టిగానే పెరట్లో ఉండిపోయింది. ఇద్దరూ వంటింటి కిటికీ వైపు చూశారు. ఎవరూ లేరు.

నాగమణమ్మ అంటే పై వాటాలో కిరాయికుండే వీరరాఘవులు భార్య. వాళ్లది భీమవరం దగ్గర పల్లె. ఈ ఇంట్లో వీరరాఘవులు కిరాయిదారు. నాలుగు కిలోమీటర్ల అవతల, విమానాల దగ్గర, ఇస్హాక్ షిఫ్టుకు ఇన్‌ఛార్జి. ఇంటి మెట్ల మీద ఎదురైతే "ఓనరు గారూ" అని నవ్వే మనిషే, అక్కడ "ఇస్హాక్, జాకెట్ జిప్పెయ్" అంటాడు.

మూడో విమానం చాలాసేపటికి వచ్చింది. అప్పటికి ఇస్హాక్ గొంతులో కోపం అయిపోయింది.

"బయటి చప్పుడైతే బయటికి పోతుంటి లుబ్నా. ఇల్లు మారుదుము, ఊరు మారుదుము. నా తలకాయల నుంచి నేనేడికి పోవాలె?"

లుబ్నా తడి చేతులతోనే అతని ముఖం పట్టుకుంది. విమానం పోయేంత సేపూ అతని నుదుటి మీది ముడత విడిపోయి ఉంది. ఆ మోతలో అతనిది అతనికి వినపడదు. అందుకే దిగే ప్రతి విమానాన్నీ చిన్నపిల్లాడిలా తలెత్తి చూస్తాడు.

విమానం దాటింది. ముడత తిరిగి వచ్చింది.

*

పోయిన గురువారం ఇద్దరూ మెహిదీపట్నంలో చెవుల డాక్టరు అనుపమ దగ్గరికి వెళ్లారు. గాజులు కొనుక్కొస్తామని బిల్కీస్‌కు చెప్పారు. అబద్ధం నిలబడాలి కాబట్టి వచ్చేటప్పుడు నిజంగానే గాజులు కొన్నారు. లేతగులాబీ రంగు, మీద సన్న తళుకు. ఆటోలో వచ్చేదారి పొడుగునా లుబ్నా చెయ్యి ఎండలోకి చాపి తిప్పుకుంటూనే ఉంది. అంత దిగుల్లోనూ ఆ గాజులు అంత బాగున్నాయి మరి.

క్లినిక్కులో ఒక చిన్న అద్దాల గది. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు, చేతిలో బటను. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కాలి. కంపెనీ పరీక్షలోనూ ఇంతే. కాకపోతే అక్కడ పరీక్ష చేసే మనిషి భుజం అద్దంలో కనపడుతుంది. భుజం కదిలితే చప్పుడు పంపినట్టు. మూడేళ్లుగా ఇస్హాక్ ఆ భుజాన్ని చూసే నొక్కాడు. మూడేళ్లుగా కాగితం మీద అతని చెవులు పసిబిడ్డ చెవులు.

అనుపమ అతన్ని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టింది.

లుబ్నా ఇవతల డాక్టరు పక్కనే నిలబడి చూసింది. ఇస్హాక్ బటను నొక్కాడు. కాసేపాగి నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఎంత శ్రద్ధగా, మంచి విద్యార్థిలా నొక్కుతున్నాడో!

"మంచిగ వినపడ్తున్నది కదా మేడమ్?" అంది లుబ్నా ఆశగా.

డాక్టరు చేతులు ఒడిలో ఉన్నాయి. "నేనింకా ఏ చప్పుడూ పంపలేదమ్మా," అంది మెల్లగా. "లోపల మోగేదాన్ని మేం పంపిందనుకుంటున్నాడు."

ఆ తర్వాత ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. దీన్ని పూర్తిగా పోగొట్టే మందు ఇప్పటికి లేదు. కొత్త చికిత్స ఒకటి పరీక్షిస్తున్నారు. చెవిలో రకరకాల చప్పుళ్లు వినిపిస్తూ, అదే సమయానికి నాలుక మీద సన్నటి కరెంటు చిమచిమలాడిస్తారు. మోతను పట్టించుకోవద్దని మెదడుకు నేర్పడం అన్నమాట. పన్నెండు వారాలు, రోజుకో గంట.

"కొందరికి తగ్గింది, కొందరికి తగ్గలేదు. మీకు తగ్గుతుందని నేను మాటివ్వను," అంది. "కానీ ఆ పన్నెండు వారాలు పెద్ద మోతల్లో పనిచెయ్యకూడదు. ఆఫీసు నుంచి ఆ మేరకు ఉత్తరం కావాలి. పాత పరీక్షల కాగితాలు కూడా. ఇంకో ఇద్దరికే చోటుంది. శనివారం సాయంత్రంలోపు ఇవ్వండి."

పాత కాగితాలు అనేసరికి ఇస్హాక్ అద్దం సంగతి చెప్పేశాడు. చెప్పి, "మేడమ్, అది రాయకుండ్రి," అన్నాడు. ఆమె అప్పటికే రాసేసింది. "రాయకపోతే ఈ రెండు పరీక్షలకీ పొంతనే కుదరదు," అంది.

ఆ కాగితాన్ని లుబ్నా నాలుగు మడతలు పెట్టి గాజుల డబ్బాలో, అట్ట కింద దాచింది. అప్పటి నుంచి గాజులు తీసినప్పుడల్లా కాగితాన్ని ఒకసారి తడుముకునేది. ఉత్తరం అడిగితే పని పోతుంది. అడగకపోతే చికిత్స పోతుంది. ఇటు గోడ, అటు గోడ. ఎల్లుండి గురువారం, ఆపైన శనివారం.

*

పన్నెండింటికి బిల్కీస్ తీర్పు చెప్పింది. బీరకాయ చెక్కు తీస్తూ, తల ఎత్తకుండా.

"సొహైల్‌కు ఫోన్ చేసిన. నాలుగు గంటలకు బండి తీసుకుని ఒస్తడు. పది రోజులు మీ అమ్మీ తాన ఉండి రా."

సొహైల్ లుబ్నా తమ్ముడు.

"నేనేం చేసిన అమ్మీ?"

"నువ్వేం చెయ్యలే. ఆనికి నిద్ర కావాలె. నువ్వు ఇండ్ల ఉంటే గాజులు గలగల, గిన్నెలు గణగణ, లేకుంటే ఖాళీ మిక్సీ. పది రోజులు ఇల్లు చల్లగ ఉంటే ఆని మొఖం మీదికి నెత్తురొస్తది."

పది రోజుల నిశ్శబ్దం! ఆ గదిలో, మూసిన కిటికీల వెనక, విజిలెయ్యని కూతతో అతను ఒక్కడూ.

"అమ్మీ, ఆయనకు నిశ్శబ్దం..." అని మొదలుపెట్టింది లుబ్నా.

"నిశ్శబ్దం?"

తలుపు సందులో ఇస్హాక్ నిలబడి ఉన్నాడు. తల అడ్డంగా ఊపాడు, కనపడీ కనపడనట్టు.

"ఏం లే అమ్మీ," అంది లుబ్నా. "బట్టలు సర్దుకుంట."

బ్యాగులో బట్టలు పెడుతుంటే అతను వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. పెట్టిన చీర తీసి పక్కన పెట్టాడు. ఆమె మళ్లీ బ్యాగులో పెట్టింది. అతను మళ్లీ తీశాడు. ఇంకో రోజైతే ఈ ఆట సాయంత్రం దాకా సాగేది.

"నన్ను పోనియ్యకు," అంది. "ఒక్క మాట చెప్పు అమ్మీకి."

"గురువారం దాటనియ్యి."

"గురువారం, గురువారం! పోయిన వారం సామాన్ల బండి నీ ఎనక హారన్ కొడితే నీకు వినపడలే. నీతోని పనిచేసే పాండన్న గుంజకపోతే? అది కూడ గురువారమేనా?"

"అది నీకు చెప్పిందే తప్పు," అన్నాడు ఇస్హాక్. "లుబ్నా, రెండు చేతులల్ల లైటు కర్రలు పట్టుకుని నిలబడ్తనా, రెండొందల మంది కూసున్న విమానం నా చేతులను చూస్కుంట ఒస్తది. చేతులు అడ్డం పెడితే ఆగుతది. ఇంకెక్కడన్న ఎవరన్న నా మాట వింటరా? నా చెవి కూడ వినది."

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పెళ్లైన కొత్తలో అతను మంచం మీద నిలబడి ఆ సైగలన్నీ చేసి చూపిస్తే, ఆమె విమానంలా చేతులు చాచుకుని గది ఈ చివర నుంచి ఆ చివరకు వచ్చి, సరిగ్గా అతని ముందు ఆగింది. ఎన్నిసార్లు ఆగిందో!

అంతలో గాజుల డబ్బా కోసం లేవబోయి, వంటింట్లో పొయ్యి మీద కూర గుర్తొచ్చి అటు పరిగెత్తింది.

*

తిరిగి వచ్చేసరికి హాలులో అత్త ఎదురైంది. కోడలి చీర మీద ఇంకో దుప్పటీ పెట్టి ఆవిడే జిప్పు వేసినట్టుంది, బ్యాగు అప్పటికే గుమ్మం దగ్గర ఉంది. లుబ్నా దాన్ని పక్కకు జరుపుదామని పట్టుకుంది.

"దించు!" అని కేకేసింది బిల్కీస్. ఆ ఇంట్లో, పగటిపూట, కేక!

లుబ్నా బ్యాగు వదిలేసింది.

"బరువులెత్తకు బేటీ. కూసో. ఇక్కడ, గాలొచ్చే తాన కూసో."

బేటీ? పొద్దున గాలి పడుతున్నావా అన్న నోరేనా ఇది? బిల్కీస్ వంటింట్లోకి పోయి, గ్లాసుడు పాలల్లో కుంకుమపువ్వు వేసి తెచ్చింది. రెండు ఖర్జూరాలు చేతిలో పెట్టింది. తన కొంగుతో కోడలి నుదుటి చెమట తుడిచింది.

"సొహైల్‌ను రావద్దని చెప్పిన. నువ్వేడికీ పోవద్దు."

"నిజంగనా అమ్మీ?"

"పాలు తాగు. మొత్తం తాగాలె."

పాలు గోరువెచ్చగా, తియ్యగా ఉన్నాయి. అంచున ఒక కుంకుమరేకు తేలుతోంది, దాన్ని నాలుకతో అందుకుంది లుబ్నా. ఎంత తొందరగా పోయింది అత్త కోపం! పెద్దవాళ్ల మనసులు ఇంతే, పైన పెచ్చు లోపల వెన్న. గ్లాసు కడిగేసి, నాలుగంగల్లో గదిలోకి వచ్చి పడింది.

"ఇగో, నేను పోతలేను! అమ్మీ ఒద్దన్నది. పాలిచ్చింది, కేసర్ ఏసి! ఖర్జూరాలు చూడు, ఒకటి నీకు దాచిన..."

ఇస్హాక్ వేలు పెట్టి చూపించాడు. మంచం మీద గాజుల డబ్బా మూత తీసి ఉంది. లేతగులాబీ గాజులు వరసగా ఉన్నాయి. కింది అట్ట పైకి లేచి ఉంది.

కాగితం లేదు.

"నేను స్నానం చేసి ఒచ్చేటాళ్లకు గిట్ల ఉన్నది," అన్నాడు. "నువ్వు తీసినవా?"

లుబ్నాకు పాలు గుర్తొచ్చాయి. బరువులెత్తకు. గాలొచ్చే తాన కూసో. బ్యాగు సర్దడానికి వచ్చినప్పుడే ఆవిడకు దొరికి ఉంటుంది, కొత్త కోడలి గాజుల డబ్బాలో దాచిపెట్టిన దవాఖానా కాగితం. ఇంకేమనుకుంటుంది ఏ అత్తైనా? ఆమె చెంపలు భగ్గుమన్నాయి. మరుక్షణం చల్లబడిపోయాయి.

"అమ్మీ ఏది?"

బిల్కీస్‌కు ఉర్దూ తప్ప చదవడం రాదు. ఆ ఇంటికి ఏ కాగితం వచ్చినా, కరెంటు బిల్లైనా, రేషన్ నోటీసైనా, పైకి తీసుకుపోయి చదివించుకోవడం ఏళ్లనాటి అలవాటు. డిగ్రీ చదివిన కోడలు వచ్చి నాలుగు నెలలైనా ఆ కాళ్లు మెట్ల వైపే పోతాయి. అందులోనూ ఇలాంటి కాగితాన్ని కోడలినే ఎలా అడుగుతుంది?

వంటింట్లో చక్కెర డబ్బా మూత తీసి ఉంది. చిన్న వెండి గిన్నె అలమరలో లేదు. నాగమణమ్మ నోరు తీపి చేయడానికి!

ఇద్దరూ మెట్ల కిందికి పరిగెత్తారు. పైన నాగమణమ్మ గొంతు సంబరంగా వినపడుతోంది.

"మా తల్లే, ఎంత మంచి మాట చెప్పారండీ! ఇంగ్లీషులో ఉందే ఇది. ఏవండీ, ఓసారి ఇలా రండి, అద్దాలు పెట్టుకుని..."

కుర్చీ జరిగింది. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఇస్హాక్ మొదటి మెట్టు మీద కూర్చుండిపోయాడు. "పోయి తెద్దునా?" అంది లుబ్నా. అతను తల అడ్డంగా ఊపాడు. చదివే మనిషి చదువుతూ ఉంటాడు ఇప్పటికే.

"నీకేమన్న వినపడ్తున్నదా?" అన్నాడు.

లుబ్నా చెవులు రిక్కించింది. "లేదు. అంత చప్పుడు లేకుండ ఉన్నది."

"నాకున్నది," అన్నాడు ఇస్హాక్.

ఆకాశంలో ఒక్క విమానమూ లేదు.

*

ముందు బిల్కీస్ దిగింది. చేతిలో వెండి గిన్నె, అందులో చక్కెర పోసింది పోసినట్టే ఉంది. కొడుకు మీద నుంచి, కోడలి మీద నుంచి చూపు తీసుకుపోయి, కొళాయి కింది పాత బనీను మీద పెట్టింది.

"మూడేండ్లు," అంది. "మూడేండ్ల నుంచి నేను నిన్ను... గడియారం కూడ ఆపితి గద బేటా."

"అమ్మీ..."

"మాట్లాడకు." కోడలి వైపు తిరిగింది. "నువ్వు కూడ మాట్లాడకు. పొద్దున తిట్టినప్పుడు మాట్లాడకపోతివి, ఇప్పుడెందుకు?"

ఆవిడ తన గదిలోకి పోయింది.

వెనక వీరరాఘవులు దిగాడు. బనియను మీద తువ్వాలు, చేతిలో నాలుగు మడతల కాగితం. ఆఖరి రెండు మెట్లు దిగకుండా అక్కడే ఆగాడు.

"ఇస్హాక్, పాండు నిన్ను లాగిన రోజునే నాకు అనుమానం వచ్చింది," అన్నాడు. "మనసు ఎక్కడో ఉందిలే, కొత్త పెళ్లికొడుకు కదా అనుకున్నాను. ఆ బండి తగిలి ఉంటే మీ అమ్మగారికి కబురు చెప్పాల్సిన వాణ్ణి నేను. ఈ మెట్లు దిగే చెప్పాలి."

"సార్, శనివారం దాంక..."

"ఆగు. నన్ను చెప్పనీ." కాగితాన్ని చూసుకున్నాడు. "ఇది ఇంటి కాగితం. మీ అమ్మగారు ఇస్తే చదివాను. పైవాటాలో ఉండేవాడిగా చదివానంటే, ఇప్పుడే నీ చేతిలో పెట్టి పైకి వెళ్లిపోతాను. ఎల్లుండి నువ్వు అద్దంలోకి చూస్తావో చూడవో నాకు తెలీదు. నీ వెనక ఏ బండి వస్తుందో కూడా నాకు తెలీదు."

లుబ్నా గాజుల చేతిని గట్టిగా పట్టుకుంది, గలగలమనకుండా.

"ఇన్‌ఛార్జిగా చదివానంటే," అన్నాడాయన, గొంతు ఇంకా తగ్గించి, "ఇవాళ రాత్రి నుంచే నీకు ర్యాంపు లేదు. ఆ డాక్టరమ్మ అడిగిన ఉత్తరం నేనే రాయించి తెస్తాను. పన్నెండు వారాలయ్యాక ఆ కర్రలు మళ్లీ నీ చేతికొస్తాయని మాత్రం చెప్పలేను. నీ చెవికి తగ్గుతుందో లేదో ఆవిడా చెప్పలేదు, చూశాగా ఇందులో. ఎలా చదివాననమంటావు? నువ్వే చెప్పు. నేను రెండోసారి అడగను."

పదీ పది దగ్గర ఆగిన గడియారం కింద నలుగురు మనుషులు ఉండాల్సిన చోట ముగ్గురే ఉన్నారు. లోపల మంచం కింద నుంచి ఏదో ఈడుస్తున్న చప్పుడు.

ఇస్హాక్ తన రెండు చేతుల్నీ చూసుకున్నాడు. వాటిని తిప్పి అరచేతులు చూశాడు. లుబ్నా వైపు చూశాడు. ఆమె ఏ సైగా చెయ్యలేదు. చెయ్యాలని ఉన్నా చెయ్యలేదు.

బిల్కీస్ వంటింటి బల్ల మీద, ఆ నాలుగు గుర్తుల మీదే, నారింజ మిక్సీని తెచ్చి పెట్టింది. ఖాళీ జారు బిగించింది. ప్లగ్గు గుచ్చి, నాబు చివరిదాకా తిప్పింది.

ఇల్లంతా ఒక్కసారి మోగింది. గోడ మీది పిచ్చుకలు లేచిపోయాయి. ఇస్హాక్ నుదుటి మీది ముడత, నాలుగు నెలలుగా లుబ్నా వేళ్లతో సాపు చేయాలని చూసిన ముడత, మెల్లగా విడిపోయింది.

అతను నోరు తెరిచాడు. వీరరాఘవులు కళ్లలోకి చూస్తూ ఏదో చెప్పాడు. ఒక్క మాట కాదు, మూడు నాలుగు మాటలు. పెదవులు కదలడం లుబ్నాకు కనపడింది. మాటలు మాత్రం మిక్సీ మోతలో కలిసిపోయాయి.

"ఏమన్నవ్?" అని అరిచింది. "ఇస్హాక్, ఏమన్నవ్?"

అతను వినలేదు. మెట్టు మీద వీరరాఘవులు కాగితం పట్టుకున్న చెయ్యి కదిలింది. వంటింట్లో బిల్కీస్ వీపు ఇటు పెట్టుకుని నిలబడే ఉంది. నాబు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.